అర చుట్టు వదులు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ దించుకుంటున్నాను. మీరు జాలిపడాలని కాదు. క్షమించమని అడగడానికి అసలే కాదు. నేను చేసినదాంట్లో ఒక సగం మళ్ళీ చేయాల్సి వస్తే మళ్ళీ చేస్తాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను నిలబెట్టి అడగొద్దు. రెండో సగానికే నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని ఆ సగమే ఇన్నేళ్ళు బరువైంది.

పేర్లు మార్చి రాస్తున్నాను. మాది కృష్ణ ఒడ్డు ఊరు. పెళ్ళయిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. పోటీ పరీక్షల గైడ్లు అచ్చువేసే ఒకాయన దగ్గర నేను ప్రూఫులు దిద్దుతాను. మా ఆయన పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పేవారు. ఇంట్లో మేమిద్దరమే. ఆయన గొంతు పెద్దది. ఆయన ఇంట్లో ఉన్న పూట పక్క వాటా వాళ్ళకు టీవీ అక్కర్లేదని నవ్వుకునేవాళ్ళం.

ఒక సాయంత్రం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వెనకనుంచి వచ్చిన లారీ ఆయన స్కూటర్‌ను తాకింది. అంతే. ఆ ‘అంతే’ తర్వాత ఎన్నో నెలల ఆసుపత్రి ఉంది, రెండు ఆపరేషన్లు ఉన్నాయి. అవి రాయను. ఇంటికి తెచ్చుకున్న మనిషికి నడుము కింద ఏమీ తెలిసేది కాదు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ పట్టు పోయింది. చిటికెడు ఉప్పు పట్టుకోలేరు. గొంతు మాత్రం బాగానే ఉంది. దాన్ని ఆయన వాడటం మానేశారు.

ఏం కావాలంటే ఏమొద్దు. కిటికీ తీయనా అంటే నీ ఇష్టం. కాలేజీ వాళ్ళు చూడటానికొస్తే కళ్ళు మూసుకుని పడుకునేవారు. చక్రాల కుర్చీలో కూర్చోబెడితే కూర్చునేవారు, పడుకోబెడితే పడుకునేవారు. ఒకరోజు పక్క దులుపుతుంటే ఆయన కళ్ళజోడు పెట్టె కిందపడి తెరుచుకుంది. అందులో కళ్ళజోడు లేదు. నిద్రకని రోజుకొకటి చొప్పున నేనిచ్చిన మాత్రలున్నాయి. వేసుకోకుండా దాచినవి.

నేను వాటిని తీసేశాను. పెట్టెలో కళ్ళజోడు పెట్టి యథాస్థానంలో ఉంచాను. నేను చూశానని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. డాక్టరుకు చెప్పలేదా అంటారేమో. చెప్పాను. ఆయన ఇంకో మాత్ర రాసిచ్చారు.

వేళ్ళకు కసరత్తు చేయించే అమ్మాయి వచ్చేది. నట్లూ బోల్టులూ తిప్పించండి మేడమ్, పట్టు వస్తుంది అంది. మా ఆడపడుచు కూతురు చిన్నప్పుడు ఆడి వదిలేసిన మెకానిక్ సెట్టు ఒకటి వాళ్ళింట్లో అటక మీద ఉంది. తెప్పించాను. రంధ్రాలున్న ఇనుప పట్టీలు, చిన్న చిన్న నట్లు, ప్లాస్టిక్ పళ్ళచక్రాలు. మొదటిరోజు డబ్బా తోసేశారు. గదంతా నట్లు. నేను ఏరాను. రెండోరోజూ తోసేశారు, రెండోరోజూ ఏరాను. ఎన్నో రోజో గుర్తులేదు గాని, ఒకరోజు తోయలేదు. ఎడమచేత్తో పట్టుకుని కుడిచేతి మూడు వేళ్ళతో ఒక క్రేను కట్టారు. తర్వాత మోటార్లు అడిగారు. కోఠీకి పోయి తెచ్చాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, నేను భోజనం పెడుతుంటే, అన్నారు.

“నడిచేదాన్ని చేస్తాను. చక్రాల మీద దొర్లేది కాదు. రెండు కాళ్ళ మీద నడిచేది.”

నడుము కింద నుంచి కదలని మనిషి ఆ మాట అంటే మీరైతే ఏమంటారు? నేను మాత్రం ఇంకో రెండు సెట్లు కొనుక్కొచ్చాను.

నాలుగు కాళ్ళదాన్ని నడిపించడం తేలికట. బల్లలాగ నిలబడుతుంది. రెండు కాళ్ళదానికి ఒక కాలు లేవాలంటే ముందు బరువంతా రెండో కాలి మీదికి వాలాలి. వాలి, పడకుండా ఆగాలి. ఆగి, అడుగు వేయాలి. నాకు ఇదంతా చెప్పేటప్పుడు ఆయన గొంతు మెల్లగా పాతది అవడం వింటూ కూర్చునేదాన్ని. బొమ్మ మూరెడు ఎత్తుండేది. తల లేదు, చేతులు లేవు. తుంటి, తొడలు, పిక్కలు, పాదాలు. బొడ్డు దగ్గర బ్యాటరీల పెట్టె. చాలాసార్లు నిజంగానే పడింది. ఎవరి తప్పూ లేకుండానే పడింది. పాదాలు చాలడం లేదని తేలింది. సెట్లో వచ్చే పట్టీలు సన్నం. వెడల్పుగా, పలచగా, వంకర లేకుండా ప్లేట్లు కోసిపెట్టేవాళ్ళు కావాలి.

సామ్యేలు అలా వచ్చాడు. నిజానికి నా కుట్టుమిషను బాగుచేయడానికి వచ్చాడు. మెయిన్‌రోడ్డు వెనక సందులో మిషన్ల రిపేరు షాపులో పనిచేసేవాడు. నల్లగొండ వైపు పల్లెటూరివాడు. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. భార్య మార్త దవాఖానలో ఆయా. మిషను సంగతి అయిపోయాక ముందుగదిలో బొమ్మను చూసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

“సార్, గిది మనిషి లెక్క నడుస్తదా?”

“నడవాలి. పడుతోంది.”

“పాదం సన్నగున్నది సార్. జర వెడల్పు పెట్టుండ్రి. నేను కోసుకొస్త.”

కోసుకొచ్చాడు. అంచులు ఆకురాయితో ఎంత నున్నగా అరగదీశాడంటే, చీర మీద పెట్టి లాగితే పోగు లేవలేదు. అప్పటినుంచి షాపు కట్టేశాక వచ్చేవాడు. ఆదివారాలు ప్రార్థన అయ్యాక తెల్లచొక్కాతోనే వచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతో కూర్చునేవాడు. మా ఆయన లెక్క చెప్పడం, అతను చేతితో చేయడం. ఆయన గట్టిగా అరవడం, అతను నవ్వడం. మా ఇంట్లో మళ్ళీ చప్పుడు మొదలైంది. ఎల్‌బీ నగర్ అవతల ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఇలాంటి కిట్లు నేర్పడానికి మనిషి కావాలన్నారట. ఆ ప్రిన్సిపాలు మా ఆయనకు తెలుసు. “నేను ఉత్తరం రాస్తాను, నువ్వు వెళ్ళి చేరు” అన్నారు సామ్యేలుతో. పదో తరగతి చదివినవాణ్ణి బడిలో సార్ అంటారా అని సామ్యేలు రెండుమూడుసార్లు అడిగి మరీ నిర్ధారించుకున్నాడు. మార్త ఆ వారం మాకు కేకు పంపింది.

ఇక్కడిదాకా మంచి కథే. ఇక్కడినుంచి నాది.

వెడల్పు పాదాలు బిగించిన రోజు, ఇక మిగిలింది ఏమీ లేదని ముగ్గురికీ తెలుసు. బొమ్మ నిలబడుతోంది. వాలుతోంది. ఆగుతోంది. పొద్దుపోయిందని, మర్నాడు నడిపిద్దామని సామ్యేలు వెళ్ళిపోయాడు. నేను పక్క సర్దుతుంటే మా ఆయన పైకప్పు చూస్తూ చాలా శాంతంగా అన్నారు. “ఇది నడిస్తే చాలు. ఆ తర్వాత నాకింకేం పని లేదు.”

ఆ మాటకు అర్థం ఒకటే ఉంటుందా? నాలుగుంటాయి. నాకు తెలుసు, తెలుగు దిద్దేదాన్ని. అలసిపోయిన మనిషి తృప్తిగా అన్నమాట కావచ్చు. కాని ఆ కళ్ళజోడు పెట్టె తెరిచి చూసింది మీరు కాదు, నేను.

తుంటి దగ్గర ఒక ఇరుసు, ఆ ఇరుసు మీద ఒక పళ్ళచక్రం. చక్రం ఇరుసును పట్టుకుని ఉండటానికి మినపగింజంత స్క్రూ ఒకటి. దాన్ని బిగించేది సన్నటి అలెన్ కీ. ఆయన వేళ్ళకు అది నిలవదు. సామ్యేలు షాపులో ఉండే పగటిపూట ఆ పని నాదే. “బిగించావా?” “బిగించాను.” రోజూ ఇదే మాట. మర్నాడు కూడా ఆయన అడిగారు, నేను బిగించానన్నాను. అనే ముందు ఆ స్క్రూను అర చుట్టు వదులు చేశాను.

పొరపాటున కాదు. కంగారులో కాదు. అర చుట్టు చాలని నాకు ఎలా తెలుసంటారా? ఆరు నెలలు ఆ మనిషి పక్కన కూర్చుని వింటే మీకూ తెలిసేది. బొమ్మను చేతిలో పట్టుకుని తిప్పితే కాలు చక్కగా ఆడుతుంది. బల్ల మీద పెట్టాక, బరువంతా కుడికాలి మీదికి వాలిన క్షణాన చక్రం జారుతుంది. బొమ్మ కుడివైపుకు పడుతుంది.

పడింది. సామ్యేలు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మా ఆయన ముఖం ఎర్రబడింది, కాగితం తెమ్మన్నారు. ఆ సాయంత్రం నాలుగు చపాతీలు తిన్నారు. ఎప్పుడూ రెండే.

తర్వాత ఎనిమిది నెలలు నేను అదే చేశాను.

రోజూ పూర్తిగా వదలలేదు. ఒక్కోరోజు కాస్త బిగువుగా ఉంచేదాన్ని. రెండడుగులు వేసి పడేది. ఆశ చావకూడదు, పని తీరకూడదు. ఆ రెండింటి మధ్య ఆయన్ని బతికించాను. ఏం, తప్పా? ఆ ఎనిమిది నెలల్లో ఆయన కుర్చీ తానే తోసుకోవడం నేర్చుకున్నారు, ఎందుకంటే పనిబల్ల దగ్గరికి పోవాలి. గడ్డం గీసుకోవడం మొదలెట్టారు, ఎందుకంటే సామ్యేలు వస్తాడు. కుడిచేతి బొటనవేలికి కాస్త పట్టొచ్చింది. ఏ మాత్ర చేసింది ఈ పని? నేను చేశాను, నా అర చుట్టు చేసింది. దీనికి నన్ను నిలదీయాలనుకునేవాళ్ళు ముందు ఒక మనిషి పక్కన ఆ మంచం మీద నెల రోజులు పడుకుని రండి.

అలాగని ఊరికే చేయలేదు. ఖరీదు ఉంది. అది నేను కట్టలేదు, వేరేవాళ్ళు కట్టారు. ఒకసారి ఆయన అడిగారు, తుంటి చక్రం జారుతోందేమో చూడమని. చూశాను, గట్టిగానే ఉందన్నాను. నేను చూస్త అక్కా అని సామ్యేలు చెయ్యి చాపాడు. చూశాగా, వదిలెయ్యి అన్నాను. ఇద్దరూ నమ్మారు. నమ్మకపోతే ఎవరినైనా మోసం చేయడం ఎలా కుదురుతుంది? ఇంకోరోజు ఆయన లెక్కలన్నీ మళ్ళీ మొదటినుంచి వేసి, కాగితాలు పక్కన పెట్టి, “నా బుర్ర కూడా ఆరోజే పోయినట్టుంది” అన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. వినపడింది. విని కూడా ఆపలేదు. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి తన బుర్రను తనే అనుమానించుకుంటుంటే, చింతపండు పిసుకుతూ నిలబడ్డాను.

బుర్ర పోయిందని ఎవరూ ఎక్కువ రోజులు అనుకోలేరు. ఆయన ఇంకో తప్పు వెతుక్కున్నారు. లెక్క సరిగ్గా ఉంది, చక్రం గట్టిగా ఉంది, మోటారు తిరుగుతోంది. ఇక మిగిలింది పాదం. పాదం కోసింది సామ్యేలు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. తెల్లచొక్కా మేకుకు తగిలించి ఉంది. బొమ్మ మళ్ళీ కుడివైపుకే పడింది. మా ఆయన పాదం ప్లేటు ఊడదీసి కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు.

“ఇది వంకరగా ఉంది.”

“లేదు సార్. మూడుసార్లు కొలిచిన.”

“కొలిస్తే కుడివైపే ఎందుకు పడుతుంది? చేతిలో పనితనం లేకపోతే లేదని చెప్పాలి. ఇన్ని నెలలు పాడుచేశావు.”

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? ఒక్క మాట. అది నేనండీ అంటే అయిపోయేది. అనలేదు. ఆయనకు కోపం రావడం చూస్తున్నాను. ఇంత కోపం వస్తున్న మనిషి చావడు అని లెక్కవేసుకుంటున్నాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నేను సామ్యేలు ముఖం వైపు చూడనే లేదు. అతను చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, టీ తాగకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు మా ఆయన ఆ ప్రిన్సిపాలుకు ఫోన్ చేసి, ఆ మనిషికి చేతి పని కచ్చితం కాదు, వేరేవాళ్ళను చూసుకోండని చెప్పారు. ఉత్తరం చింపేశారు.

రెండు వారాలకు ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల కింద సామ్యేలు ఎదురయ్యాడు. ఎదురవడం కాదు, నాకోసం నిలబడ్డాడు. మంగళవారాలు నేను ప్రూఫులు ఇచ్చి అటు వస్తానని అతనికి తెలుసు. పైన రైలు చప్పుడు, పక్కన విజయవాడ బస్సులవాళ్ళ కేకలు. అతను నన్ను స్తంభం పక్కకు రమ్మన్నాడు.

“అక్కా, ఒక్క మాట అడుగుతా. నారాజ్ కావొద్దు.”

“అడుగు.”

“సార్ కోపంల అన్నడు, అది వేరే ముచ్చట. నువ్వు రోజూ దాన్ని పట్టుకుంటవు. విప్పుతవు, బిగిస్తవు. నువ్వు చెప్పు. నా పనిల తప్పున్నదా?”

నేను అతని చేతుల వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు. గోళ్ళలో నల్ల నూనె. ఆ చేతులు కోసిన ప్లేటు మీద నేను చీర కొంగు లాగి చూశాను కదా.

“ఏమో తమ్ముడూ. ఆ మిషన్ల సంగతి నాకేం తెలుసు” అన్నాను.

అతను తల ఊపాడు. “గంతే లే అక్కా. తప్పుంటే ఉండొచ్చు” అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఇదే నేను దాచింది. స్క్రూ కాదు. స్క్రూకి నా దగ్గర జవాబుంది, ఇందాకే చెప్పాను, ఎవరొచ్చినా చెప్తాను. ఈ ‘నాకేం తెలుసు’కి లేదు. మా ఆయన్ని బతికించుకోవడానికి ఆయనకు అబద్ధం చెప్పాను, సరే. మెట్రో మెట్ల కింద ఎవరిని బతికిస్తున్నాను? నన్ను. బయటపడతానేమోనన్న భయాన్ని. అందుకోసం, పనితనం తప్ప ఇంకేమీ లేని ఒక మనిషి చేత తన పనితనం మీద తనకే అనుమానం పుట్టించాను. ఆ మాట అతని చేతే అనిపించాను, తప్పుంటే ఉండొచ్చని.

ఆ రోజునుంచి స్క్రూ ముట్టుకుంటే అతని గోళ్ళు కనపడేవి. మా ఆయన బాలానగర్‌లో ఎవరి చేతనో కొత్త పాదాలు కోయించి తెప్పించారు. అవి బిగించిన పూట ఆయన ఎప్పటిలాగే బిగించావా అని అడిగారు. బిగించానన్నాను. ఈసారి నిజంగానే బిగించాను. ఎందుకంటే, చేసింది చాలనిపించి కాదు. ఇక చేతకాలేదు.

బొమ్మ వాలింది. ఆగింది. నడిచింది. బల్ల ఈ చివరినుంచి ఆ చివరికి, టకటకమంటూ, ముసలమ్మ కొత్త చెప్పులేసుకున్నట్టు నడిచింది. చివర పడిపోతుందని నేను చేతులు అడ్డం పెట్టాను. మా ఆయన ఏడ్చారు. గట్టిగా, ఆ పాత గొంతుతో ఏడ్చారు. నేను ఏడవలేదు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఎక్కడున్నాయో మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. వారం రోజులు ఆయన్ని వదిలి గడప దాటలేదు. పాలు కూడా పక్క వాటా ఆవిడ చేత తెప్పించుకున్నాను. వారమైంది, ఏమీ కాలేదు. ఎనిమిదో రోజున టీ తాగుతూ, “దీనికి మెట్లెక్కడం నేర్పాలోయ్” అన్నారు.

నా భయం వట్టిదేనా? మొదటిరోజే నడిచి ఉంటే మొదటిరోజే మెట్ల సంగతి అనేవారా? లేక ఆ ఎనిమిది నెలలే ఆయన్ని మెట్లదాకా తెచ్చాయా? ఈ ప్రశ్న వేసుకుని వేసుకుని అరిగిపోయాను. తేలదు. తేలదు కాబట్టి నేను తప్పు చేశానని ఒప్పుకోను. సరైనదే చేశానని ప్రమాణమూ చేయను.

కాని ఆ సాయంత్రమే ఆయన ఇంకో మాట అన్నారు. “చూశావా? పాదాలు మార్చగానే నడిచింది. నేను అన్నానా లేదా, ఆ సామ్యేలు పనే వంకర అని.” నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ కూడా లెక్కలోకే వస్తుంది.

ఆ తర్వాత ఇల్లు మళ్ళీ మనుషులతో నిండింది. బొమ్మ వీడియో ఎవరో ఫోన్లలో తిప్పారు. ఇలాంటివి సరదాగా చేసుకునేవాళ్ళు పరిచయమయ్యారు, సెలవురోజుల్లో వచ్చేవారు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆయన కథ చెప్పేవారు. కథలో నవ్వించే పాత్ర సామ్యేలు. వంకర పాదం కోసి ఎనిమిది నెలలు తిప్పలుపెట్టిన మెకానిక్కు. ఏడాదికేడాది ఆ వంకర పెరిగింది. మొదట్లో వెంట్రుకంత ఉండేది, చివరికి అరిటాకు దొన్నెలాగ ఉండేది. అందరూ నవ్వేవారు. నేను బిస్కెట్లు పెట్టేదాన్ని.

పోయిన నెల ఒక ఆదివారం మళ్ళీ అదే కథ. ఈసారి ఆయన సామ్యేలు మాట తీరును కూడా అనుకరించారు. “మూడుసార్లు కొలిచిన సార్, మూడుసార్లు కొలిచిన.” గదిలో ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. నా చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాను. మర్నాడు ఆ రిపేరు షాపుకు వెళ్ళి అడిగాను. సామ్యేలు మీర్‌పేట్‌లో ఉంటున్నాడు, ఆటో నడుపుతున్నాడు అన్నారు. మిషన్ల పని మానేశాడట. ఎందుకు మానేశాడో వాళ్ళకు తెలియదు.

మీర్‌పేట్ వెళ్ళాను. ఆటో తుడుస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేశాడు, నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. స్క్రూ, అర చుట్టు, మెట్రో మెట్లు. వింటూ గుడ్డ పిండుతున్నాడు. నీళ్ళన్నీ పోయినా పిండుతూనే ఉన్నాడు.

“సార్‌కు చెప్పినవా?”

“లేదు.”

“మరి నాకెందుకు చెప్తున్నవ్ అక్కా?” గొంతు పెరగలేదు. “నా పాదం మంచిగున్నదని నాకు ఎర్కనే. ఓ ఏడాది పరేషాన్ అయిన, తర్వాత ఎర్కైంది. ఎర్క లేనిది సార్‌కు. ఇయ్యాల నువ్వొచ్చి నీ బరువు నా ఇంట్ల దించిపోతవా?”

మార్త తలుపు దగ్గర నిలబడి ఉంది. మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం. బస్సులో తిరిగొస్తూ ఒక్కటే అనుకున్నాను. అతను చెప్పింది నిజం. అతని ముందు ఒప్పుకోవడం తేలిక. నిజమైన ఒప్పుకోలు ఎక్కడుందో నాకు ఆరేళ్ళుగా తెలుసు. ముందుగదిలో, కిటికీ పక్కన, చక్రాల కుర్చీలో ఉంది.

మూడు రోజుల కిందట చెప్పాను. పొద్దున ఆయన పేపరు చదువుతుండగా. వాక్యాలు ముందే దిద్దుకుని పెట్టుకున్నాను గాని, నోటికి వచ్చింది ఒక్కటే. “సామ్యేలు పాదంలో వంకర లేదండీ. తుంటి స్క్రూ నేనే వదులుగా ఉంచేదాన్ని. ఎనిమిది నెలలు.”

పేపరు దించారు. ఎందుకు అని అడుగుతారని, కళ్ళజోడు పెట్టె సంగతి ఇప్పటికైనా ఇద్దరి మధ్యకూ వస్తుందని అనుకున్నాను. అడగలేదు. అడగలేదంటే తెలుసన్నమాట. “వాడి నంబరు ఉందా?” అన్నారు. ఇచ్చాను. కుర్చీ తోసుకుంటూ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. లోపల ఫోన్లో మాటలు వినపడ్డాయి, ఏమిటో తెలియలేదు. మా ఇంట్లో ఆయన గొంతు తలుపు దాటి రాకపోవడం అదే మొదటిసారి. సామ్యేలు ఫోన్ ఎత్తి ఏమన్నాడో, అసలు ఎంతసేపు విన్నాడో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. ఆ తర్వాత ఆయన ఒక్కొక్కరికే ఫోన్లు చేశారు, ఆ కథ విని నవ్విన వాళ్ళందరికీ. ఆ ప్రిన్సిపాలుకు కూడా. ఆ బడిలో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు. ఆరేళ్ళు వెనక్కి రావు.

నాతో మాట్లాడటం లేదు. అలెన్ కీ నా బల్ల సొరుగులో ఉండేది, తీసుకెళ్ళిపోయారు. ఇప్పుడు మూడు వేళ్ళతో పట్టుకుని తనే తిప్పుకుంటున్నారు. అరగంట పడుతోంది. సాయం చేయనా అని నేను అడగలేదు, ఆయన పిలవలేదు. కంచం గదిలో పెట్టి వస్తున్నాను. తింటున్నారు. చాలినంత తింటున్నారు. నిన్న పప్పులో ఉప్పు తక్కువైందని వంటింట్లోంచి ఉప్పు డబ్బా తనే తెచ్చుకుని, వేసుకుని, మూత గట్టిగా వేసి చూపించారు, మాట మాత్రం లేదు.

మాట్లాడకపోతే మానారు. సామ్యేలు నన్ను క్షమించకపోతే మానాడు, క్షమించాల్సిన పని అతనికి లేదు. మీరు ఏమనుకుంటే అది అనుకోండి. నాకు మాత్రం ఈ మూడు రోజులుగా ఊపిరి పొట్టదాకా వెళ్ళి వస్తోంది. పక్కగదిలో మనిషి నా మీద అలిగి కూర్చున్నాడు. అలగాలంటే మనిషి బతికుండాలి కదా.